బియ్యం డబ్బా వెనుక దాచిన నోటుపుస్తకం

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. డిగ్రీ పూర్తికాకుండానే పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. పదకొండేళ్లుగా కథలు రాస్తూ, నోటుపుస్తకం బియ్యం డబ్బా వెనుక దాచుకుంటున్నాను. వారపత్రికలకు ఆరు పంపితే ఒక్కటీ అచ్చుకాలేదు. అన్నీ విదేశాల్లో కొడుకులు, వృద్ధాశ్రమాల్లో తల్లుల కథలే. ఏడోది మావారికి చూపిస్తే నాలుగు వాక్యాలు చదివి ‘ఇవన్నీ ఎవరు చదువుతారు’ అన్నారు. అత్తగారు నవ్వారు. అప్పటినుంచి కలం పట్టలేదు. మా అమ్మ పోయిన రోజు, ఆమె పెరట్లో ఆరేసిన చీరను సాయంత్రం దాకా ఎవరూ తీయలేదు. అలాంటివి చెప్పుకోవడానికి కూడా నాకు ఎవరూ లేరు. రాయడం మానేయమంటారా?

జవాబు: మానేయవద్దమ్మా. మీ ఉత్తరంలో ఆ చీర దగ్గర నేను ఆగిపోయాను. ఇల్లంతా జనం, ఏడుపులు, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. దండెం మీద చీర మాత్రం ఎండి బిరుసెక్కి అలాగే ఉండిపోయింది. రోజూ బట్టలు తీసి మడతపెట్టే మనిషి ఆమె ఒక్కతే కాబట్టే కదా! ఈ మాట మీరు రాయలేదు, అయినా నాకు అందింది. అలా అందించగలిగిన చెయ్యి ఖాళీగా ఉండకూడదు.

మరి ఆ ఆరు కథలు ఎందుకు అచ్చుకాలేదు? వృద్ధాశ్రమంలో తల్లి, చివరి పేజీలో కొడుకు పశ్చాత్తాపం ఉన్న కథలు మనం ఎన్ని చదివామో! మీరు వృద్ధాశ్రమం లోపలికి వెళ్లి చూశారా? పెరటి దండెం మాత్రం మీకు బాగా తెలుసు. మీకు ప్రతిభ లేదని ఆ ఆరు కథలూ చెప్పడం లేదు. మీరు చూసినదాన్ని వదిలి, కథల్లో చదివినదాన్ని రాశారు, అంతే.

ఇక ఇంటి సంగతి. మీ వారి మాట మిమ్మల్ని ఎంత గాయపరిచిందో నాకు తెలుస్తోంది. కానీ కథలు చదివే అలవాటు లేని మనిషిని తొలి పాఠకుడిగా ఎంచుకున్నారు. ఆయన దగ్గర మెప్పు అడగకండి, సమయం అడగండి. ‘రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా నాకు రాసుకునే పని ఉంటుంది, ఆ గంట పిల్లల్ని మీరు చూసుకోండి’ అని నెమ్మదిగా, గట్టిగా చెప్పండి. నాలుగు రోజులు చిరాకు పడతారేమో, పడనివ్వండి. అత్తగారి నవ్వుకు జవాబు చెప్పనక్కర్లేదు. రాసినది చూపించడానికి ఇల్లు దాటి చూడండి: పాత స్నేహితురాలు, మీ ఊరి గ్రంథాలయంలో కథలు చదివే ఒకరిద్దరు.

భండారు అచ్చమాంబ గారి గురించి విన్నారా? ఆమె బడికి వెళ్లి చదువుకోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారు. కన్నబిడ్డలను పోగొట్టుకున్నారు. 1905లో కన్నుమూసే నాటికి ఆమెకు సుమారు ముప్పై ఏళ్లే. 1902లో ఆమె రాసిన ‘ధనత్రయోదశి’ని తెలుగులో తొలి కథల్లో ఒకటిగా ఇవాళ్టికీ చెప్పుకుంటున్నాం. ఆమెను తలచుకున్నప్పుడల్లా నాకు ఆ తమ్ముడి పక్కన దొరికిన చోటే గుర్తొస్తుంది. మీకూ అంత చోటు కావాలి.

పంపేటప్పుడు ఆ పత్రిక అడిగిన నిడివి దాటకండి. కథ మీ సొంతమనీ, మరెక్కడా అచ్చుకాలేదనీ హామీపత్రం జతచేయండి. ఒకే కథను రెండు పత్రికలకు ఒకేసారి పంపవద్దు. జవాబు రాకపోతే చిన్నబుచ్చుకోకండి, ఎందుకు తీసుకోలేదో చెప్పే తీరిక సంపాదకులకు తరచుగా ఉండదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: డబ్బు కడితే పుస్తకం వేస్తామనేవారి కోసం గాజులు తాకట్టు పెట్టకండి. అమ్ముడుపోని ప్రతుల కట్టలు మంచం కింద పెట్టుకుని ఏడ్చినవారిని నేను చూశాను.

ఈ వారమే చీర కథ మొదలుపెట్టండి. పూర్తయ్యాక పది రోజులు పక్కన పెట్టి, పైకి చదువుకోండి. నోరు తడబడిన చోట వాక్యం మార్చండి. అమ్మ చీర రంగు ఏమిటో మీరు ఉత్తరంలో రాయలేదు. కథలో అది రావాలి.