సౌర ఫలకాల మన్నిక ఎంత? తుపానులో వాటిని నమ్మవచ్చా?

ప్రశ్న: మా డాబా మీద 3 కిలోవాట్ల సౌర ఫలకాలు పెట్టించుకోవాలనుకుంటున్నాము. అవి పాతికేళ్లకే పనికిరాకుండా పోతాయని, మన్నికైనా నమ్మకమైనా థర్మల్ (బొగ్గు) విద్యుత్ కేంద్రాలదేనని మా బావగారు అంటున్నారు. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: పాతికేళ్లనేది తయారీదారులు ఇచ్చే హామీ గడువే తప్ప ఫలకం ఆయుష్షు కాదు. ఫలకం సామర్థ్యం ఏటా సుమారు అర శాతం తగ్గుతుంది కనుక, నేడు రోజుకు సగటున 12 యూనిట్లు ఇచ్చే ఫలకాలు పాతికేళ్ల తరువాత కూడా పది యూనిట్ల దాకా ఇవ్వగలవు. ముందుగా మార్చవలసి వచ్చేది, ఫలకాల కరెంటును ఇంటి వాడకానికి తగినట్టు మార్చే ఇన్వర్టరును. పది పదిహేనేళ్లకు ఆ ఖర్చు తప్పదు. బొగ్గు కేంద్రాలను కూడా పాతికేళ్ల లెక్కతోనే కట్టి, బాయిలరు గొట్టాలు, టర్బైను భాగాలు మారుస్తూ నలభై ఏళ్ల దాకా నడుపుతారు. జలవిద్యుత్తు వీటన్నిటికంటే దీర్ఘాయువు: 1955లో ఉత్పత్తి మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నేటికీ పనిచేస్తోంది, అదీ పునరుత్పాదక శక్తే.

నమ్మకం విషయంలో మీ బావగారి మాటలో న్యాయముంది. రాత్రి సౌర విద్యుత్తు ఉండదు, ముసురు పట్టిన రోజుల్లో బాగా తగ్గుతుంది. అయితే తుపాను వేళ మీ ప్రాంతాన్ని చీకటి చేసేది కేంద్రం ఆగడం కాదు, తీగలు తెగడం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడినప్పుడు వేలాది స్తంభాలు కూలి, ఊళ్లకు ఊళ్లే రోజుల తరబడి కరెంటు లేక అల్లాడాయి.

అలాంటప్పుడు మామూలు ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుతో కలిసి పనిచేసే) ఇన్వర్టరు కూడా ఆదుకోదు. తెగిన తీగలు సరిచేస్తున్న లైన్‌మన్‌కు మీ ఇంటి కరెంటు తగిలి ప్రాణం పోకూడదని, లైనులో సరఫరా లేనప్పుడు అది తనంతట తానే ఆగిపోతుంది. పైన ఎండ కాస్తున్నా కింద ఫ్యాను తిరగదు. తుపాను రోజుల్లోనూ దీపం, ఫ్యాను, ఫోను ఛార్జింగు కావాలంటే, ఖర్చు ఎక్కువైనా, బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు తీసుకోండి. ఉప్పుగాలికి తుప్పు పట్టని గాల్వనైజ్డ్ ఇనుప చట్రం వేయించి, దాన్ని శ్లాబులోకి గట్టిగా బిగింపించండి. అది ఎంత గాలివేగాన్ని తట్టుకుంటుందో అమ్మేవారి చేత ఒప్పంద పత్రంలో రాయించుకున్నాకే బయానా ఇవ్వండి.