మొదటిసారి స్కైడైవింగ్ చేసేటప్పుడు జెయింట్ వీల్‌లోలా కడుపులో తిప్పేస్తుందా?

చాలామందికి అలా అనిపించదు. జెయింట్ వీల్ పైనుంచి కిందికి దిగేటప్పుడు వేగం ఒక్కసారిగా మారుతుంది, అందుకే కడుపు జారినట్టు ఉంటుంది. విమానం మాత్రం అప్పటికే గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో ముందుకు పోతుంటుంది. దూకగానే ఆ వేగం మీతోనే వస్తుంది, ఎదురుగాలి వెంటనే ఒంటికి ఆసరా ఇస్తుంది. దాదాపు 10 సెకన్లలో వేగం గంటకు 190 కిలోమీటర్ల దగ్గర నిలకడపడుతుంది. ఆ తర్వాత పడుతున్నట్టు కాదు, గాలి మీద పడుకున్నట్టు ఉంటుంది. హోరు మాత్రం విపరీతం, పక్కవాళ్ల మాట కూడా వినపడదు.

కొత్తవాళ్లు సాధారణంగా టాండమ్ పద్ధతిలో, ఇన్‌స్ట్రక్టర్‌కు కట్టుకుని దూకుతారు. పారాచూట్ తెరిచేది ఆయనే. ఆయన వీపు మీది సంచిలోనే, మొదటిది పనిచేయకపోతే వాడే రిజర్వ్ పారాచూట్ కూడా ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్ స్పృహ తప్పినా, నిర్ణీత ఎత్తులో దాన్ని దానంతటదే తెరిచే పరికరం కూడా ఉంటుంది. మీరు చేయాల్సిందల్లా దూకేటప్పుడు నడుము ముందుకు నెట్టి, వెనక్కి విల్లులా వంగి ఉండటం, దిగేటప్పుడు కాళ్లు పైకెత్తడం. ఈ రెండోది మరిచిపోకండి, కాళ్లకు దెబ్బలు తగిలేది ఎక్కువగా అక్కడే.

అసలు టెన్షన్ తలుపు తెరిచిన ఆ కొద్ది క్షణాలదే. ఖాళీ కడుపుతో వెళ్లకండి, తేలిగ్గా తినండి. వాంతి వచ్చేది ఎక్కువగా పారాచూట్ తెరిచాక గిరగిరా తిప్పినప్పుడే. వద్దంటే తిప్పరు, ముందే చెప్పండి. జలుబుంటే మాత్రం వాయిదా వేయండి, చెవులు బాగా నొప్పెడతాయి.