విమానం మబ్బుల్ని చెదరగొట్టిందా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఉమ్మడి రాష్ట్రంలో మేఘమథనం చేసిన రోజుల్లో విమానం వచ్చి మా మబ్బుల్ని చెదరగొట్టిపోయిందని మా నాయన ఇప్పటికీ తిడతాడు. దుబాయ్‌లో ఉన్న మా అన్నేమో 2024లో అక్కడి వరద మేఘమథనం వల్లే వచ్చిందంటాడు. చెదరగొట్టేదీ అదే, ముంచేదీ అదేనా?

జవాబు: మీ నాయన తిట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజుల్లో రాడార్ గదిలో కూర్చుని ఏ మబ్బు దగ్గరికి పోవాలో పైలట్‌కు చెప్పడం నా పని.

మాకు కావలసింది ఎదుగుతున్న మబ్బు. పైన కాలీఫ్లవర్‌లా ముద్దలు ముద్దలుగా లేస్తుంటుంది, అడుగు మాత్రం గీత గీసినట్టు చదునుగా, నల్లగా ఉంటుంది. ఆ అడుగు కిందికి పోతే పైకి లేచే గాలికి విమానం ఎగిరెగిరి పడుతుంది. అక్కడే రెక్కలకు బిగించిన ఫ్లేర్లు, అంటే మండి పొగ వదిలే గొట్టాలు, వెలిగించాలి. వాటి పొగలో ఉండేది కాల్షియం క్లోరైడ్ లాంటి ఉప్పు. వానాకాలంలో మూత తీసిన ఉప్పు డబ్బా చెమ్మగిల్లుతుంది కదా, అదే పని మబ్బులో జరుగుతుంది. ఒక్క వాన చినుకు కావాలంటే మబ్బులోని సన్నబిందువులు సుమారు పది లక్షలు కలవాలి. ఉప్పు రేణువులు కాస్త పెద్ద బిందువుల్ని తయారుచేసి ఆ కలయికను తొందరపెడతాయి. మేఘమథనంలో వాడే సిల్వర్ అయొడైడ్ వేరే సంగతి, అది సున్నా డిగ్రీలకు దిగువన చల్లబడిన మబ్బుల కోసం.

మబ్బే లేకపోతే మేం చేయగలిగింది సున్నా. పడమటి కనుమల్లో నీళ్లు దించుకుని వచ్చిన గాలి మన దగ్గర రామగిరి గాలిమరల్ని తిప్పి పోతుందే తప్ప ఇచ్చేది తక్కువ.

ఇక చెదరగొట్టడం. అలాంటి మబ్బు ఆయుష్షు చాలాసార్లు అరగంట, ముప్పావు గంటే. ఒకసారి తెర మీద మంచి మబ్బు చూసి పంపించాను. విమానం చేరేసరికి అది కరిగిపోతోంది. పైలట్ ‘ఎక్కడ సార్?’ అంటే నా దగ్గర మాట లేదు. కింద జనం చూసింది మాత్రం విమానం రావడం, మబ్బు పోవడం. ఆ సాయంత్రమే ఇంకో ఊరి నుంచి ఫోన్, ‘సార్, బాగా కురిసింది, మీ పుణ్యం’ అని. విమానం ఆ దిక్కుకే పోలేదు. కాదని చెప్పలేదు నేను. చెప్పి ఉండాల్సింది.

మా వల్ల ఎంత వాన పెరిగిందో తేల్చాలంటే కొన్ని మంచి మబ్బుల్ని చల్లకుండా వదిలి పోల్చాలి. కరువులో మబ్బు కనిపిస్తే వదిలేయమని ఎవరంటారు? మేం దొరికినదాన్ని దొరికినట్టు చల్లాం. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్లు షోలాపూర్ దగ్గర ఆ పోలిక పద్ధతిగా చేశారు. 2023లో వచ్చిన ఫలితం ప్రకారం వంద చదరపు కిలోమీటర్లలో పెరిగిన వాన సుమారు 18 శాతం. తక్కువేం కాదు. కానీ ఎండిన చెరువు దాంతో అలుగు పారదు.

దుబాయ్ విమానాశ్రయంలో ఆ ఏప్రిల్‌లో ఒక్క రోజులో సుమారు 142 మిల్లీమీటర్లు పడింది. అంత వాన ఫ్లేర్లు తేలేవు, అది పెద్ద తుఫాను వ్యవస్థ. ఆ వాన సమయంలో తాము చల్లలేదని అక్కడి వాతావరణ కేంద్రం కూడా చెప్పింది.

మీ నాయనకు ఆ రోజు ఏ కార్తెలోనో, ఏ ఏడో గుర్తుంటే రాయించండి. నా పాత డైరీలు ఇంకా ఉన్నాయి, ఆ రోజు ఎటు పోయామో చూసి చెప్తాను.