బోర్నియో కత్తి కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మలేషియాలోని సరవాక్ రాష్ట్రంలో, మిరి ఊళ్ళో ఉద్యోగం కుదురుకుందని, ఇక ఆ రాష్ట్ర రాజధాని కూచింగ్ వెళ్ళి పాత దయక్ కత్తి ఒకటి కొనాలనుందని రాశావు. సంతోషం. కానీ డబ్బు తీసే ముందు నాలుగు మంచి కత్తులు కళ్ళారా చూడు. కూచింగ్‌లో 2022లో తెరిచిన బోర్నియో కల్చర్స్ మ్యూజియంలో తీరిగ్గా ఒక పూట గడిపాకే ఏటి ఒడ్డున మెయిన్ బజార్ కొట్లలో అడుగు పెట్టు.

దయక్ అంటే ఒక్క తెగ కాదు, బోర్నియో దీవిలోని ఎన్నో ఆదివాసీ తెగలకు ఉమ్మడి పేరు. ఆ దీవిలో ఇండోనేషియా భాగమైన కలిమంతాన్‌లో మండావు అనే కత్తిని సరవాక్‌లో పరాంగ్ ఇలాంగ్ అంటారు, కయాన్‌లు మలాట్ అంటారు. ఇబాన్‌ల నియాబోర్ వంపు తిరిగి ఉంటుంది, అది వేరే రకం. అన్నిటి మీదా ఆశపడకు. మీకు దగ్గర్లోనే బారం నది ఉంది కదా, ఆ పైనున్న కయాన్, కెన్యా వాళ్ళ కత్తులతో మొదలుపెట్టు. ఇనుప పనిలో వాళ్ళకు పెద్ద పేరు.

కత్తి చేతికొచ్చాక అలుగును వెలుతురుకు ఎత్తి మొన వైపు నుంచి చూడు. ఒక పక్క ఉబ్బెత్తుగా, రెండో పక్క కొంచెం పల్లంగా ఉండాలి. బొటనవేలు అడ్డంగా రాస్తే ఆ పల్లం తెలుస్తుంది. కుడిచేతి వాటం వాళ్ళకు ఒకలా, ఎడమచేతి వాటం వాళ్ళకు ఇంకోలా కొట్టేవారు. పర్యాటకుల కోసం రేకు కోసి చేసే వాటిలో ఇంత పనితనం ఉండదు, చాలావరకు రెండు పక్కలా చదునుగానే ఉంటాయి. అలుగులో పొదిగిన ఇత్తడి చుక్కలు చూపించి, ఎన్ని చుక్కలుంటే అన్ని తలలు నరికినట్టని కొట్టువాడు చెబుతాడు. నమ్మకు. అది కమ్మరి అలంకారం. ఆ కథకు పైసా కూడా ఎక్కువ ఇవ్వకు. మనిషి వెంట్రుకలని చెప్పి కత్తికి వేలాడే కుచ్చులకు ధర పెంచితే ఆ కత్తి అసలు కొనకు. మేక వెంట్రుకలవి బోలెడు దొరుకుతాయి.

పిడి చాలావాటికి దుప్పి కొమ్ముతో చేస్తారు. అలుగు, పిడి, ఒర కలిసి వయసు మీద పడ్డాయా లేదా అన్నదే నేను అన్నిటికన్నా ముందు చూసేది. అలుగు పాతదై పిడి నిన్నటిదైతే అది అతుకులబొంత, ధర ఆ లెక్కనే ఇవ్వాలి. ఒర పక్కన చిన్న చెక్కుడు కత్తికి వేరే గూడు ఉంటుంది. ఆ చిన్న కత్తి పోకుండా ఉందంటే మంచి గుర్తు. ఈ రోజుల్లో కమ్మరి శ్రద్ధగా కొట్టిన కొత్త కత్తిని మాత్రం చిన్నచూపు చూడకు. కొత్తదని చెప్పి అమ్మితే నిక్షేపంగా కొను.

లాంగ్‌హౌస్‌లో, అంటే చాలా కుటుంబాలు కలిసి ఉండే పొడుగాటి ఇంట్లో, ఎవరైనా తాతల కత్తి చూపిస్తే నమస్కారం పెట్టి చూడు, బేరం ఎత్తకు. అది వాళ్ళకు పుసాకా, అంటే వంశపు సొత్తు. ఇంటి అవసరానికి అమ్మబోయినా, ఇంట్లో పెద్దవాళ్ళంతా సరేనన్నారని తెలిశాకే మాట్లాడు.

ఒక జాగ్రత్త బాగా గుర్తుపెట్టుకో. ఒర అంటే రెండు చెక్కలు కలిపి పేము అల్లి బిగించినది. వాదర వైపు వేళ్ళు చుట్టి పట్టుకుని కత్తి లాగితే, పాత ఒరల్లో అలుగు ఆ అతుకులోంచి బయటకొచ్చి వేళ్ళు తెగుతాయి. వీపు వైపు పట్టుకుని మెల్లగా తియ్యి. ఆ ఊరి చెమ్మకు అలుగు ఒరలోనే ఉంటే తుప్పు పడుతుంది, కాబట్టి విడిగా పెట్టి పల్చటి మెషిన్ ఆయిల్ రాయి. కొబ్బరినూనె వద్దు, జిగురు కడుతుంది. గరుకు కాగితం పెట్టి తళతళలాడించావో, పాతదనమంతా పోతుంది.

హార్న్‌బిల్ పక్షి ఈకలు, ఎలుగుబంటి పళ్ళు కట్టినవి ముట్టుకోకు. అవి దేశం దాటితే కేసులే. ఇక్కడికి తేవాలనుకుంటే ముందు సరవాక్ మ్యూజియం శాఖను అడుగు. మన వైపు 1959 నాటి ఆయుధాల చట్టం కింద దిగుమతికి లైసెన్సు కావాలి, అది చేతికొచ్చాకే టికెట్టు తీసుకో.

నచ్చినది కనబడితే అలుగు మొన వైపు నుంచి ఒకటి, పిడి మొదట్లో ఒకటి, ఒర వెనక ఒకటి ఫొటోలు తీసి పంపు. చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య