డీబీ మూత వంకరగా ఉంటే చూడాల్సింది లోపలి పట్టీని

మేడ మీది డీబీ (గదులకు కరెంటు పంచే స్విచ్చుల పెట్టె) మూత ఒక పక్క లేచి ఉంటోందని, ఎంసీబీలు (కరెంటు మితిమీరితే వాటంతటవే ఆగిపోయే స్విచ్చులు) మూతలోని గాడికి అందడం లేదని రాశారు. దయచేసి మూతను నొక్కిపట్టి బిగించకండి.

ముందు కింది మెయిన్ బోర్డులో మేడకు కరెంటు ఇచ్చే స్విచ్చి ఆపండి. మేడ బోర్డులోని ఐసోలేటర్ (ఆ బోర్డు మొత్తాన్ని ఆపే స్విచ్చి) ఒక్కటే ఆపితే చాలదు, దానికి వచ్చే తీగల్లో కరెంటు అలాగే ఉంటుంది. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ తప్పకుండా ఆపండి. చాలామంది మరిచిపోయేది అదే. టెస్టర్ పనిచేస్తోందని వేరేచోట చూసుకున్నాకే ఇక్కడ పెట్టి చూడండి.

ఇక మూత తీసి, ఎంసీబీలు కూర్చున్న 35 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ చూడండి. తప్పు తరచుగా అక్కడే ఉంటుంది. పట్టీ స్క్రూలు కాస్త వదులు చేసి, మట్టం సరిచూసి మళ్లీ బిగించండి. తీగలు కదిలి ఉంటాయి కాబట్టి వాటి స్క్రూలూ బిగించాలి. పెట్టె ప్లాస్టరింగులో లోతుగా దిగిపోయి ఉంటే మూతకు పొడవాటి స్క్రూలు కావాలి, కానీ మొన తేలినవి వద్దు, తీగ తొడుగును చీలుస్తాయి. తలుపు ఇనుపదైతే ఎర్త్ తీగ తిరిగి కలపండి. ఎక్కడైనా కమిలిన మచ్చ కనిపిస్తే అక్కడితో ఆపి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.