నొప్పి ఆగితే పన్ను బాగుపడినట్టు కాదు

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. బాబుకు మూడున్నరేళ్లు. రోజూ రెండు పూటలా నేనే వాడికి పళ్లు తోమాలని మా ఊరి ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూపించి వెళ్లింది. బ్రష్ చూస్తేనే ఏడుస్తాడు. పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా అంటారు మా అత్తగారు. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది లేని పేస్టు వాడాలా? పోయిన నెల రాత్రిళ్లు పన్ను నొప్పి అని ఏడిస్తే మామగారి కీళ్లనొప్పుల మాత్ర సగం వేశాం, తగ్గింది. ఇప్పుడు దవడ పన్ను దగ్గర చిగురు మీద చిన్న తెల్ల పొక్కు ఉంది. డాక్టరుకు చూపించమని ఆశా చెప్పింది.
– ఒక తల్లి, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, పేస్టు సంగతి తర్వాత. మీరు చివర్లో రాసిన పొక్కు గురించి ముందు మాట్లాడాలి.

చూడకుండా కచ్చితంగా చెప్పలేను కానీ, అది చీముపొక్కు కావచ్చు. నిద్ర లేపే నొప్పి, అది ఉన్నట్టుండి తగ్గడం, ఆపైన పొక్కు: ఈ వరుస మేము రోజూ చూసేదే. పుప్పి నరం దాకా వెళ్తే పోటు. నరం చచ్చిపోయి, చీము బయటికి దారి చేసుకుంటే పోటు ఆగుతుంది. మాత్ర పనిచేసిందని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. చీము మాత్రం కింద తయారవుతున్న శాశ్వత పన్ను పక్కనే ఉంటుంది. ఈ వారంలోనే దంతవైద్యులకు చూపించండి. చెంప వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా వారం దాకా ఆగవద్దు, ఆ రాత్రే పెద్దాస్పత్రికి వెళ్లాలి.

ఆశా కార్యకర్త పొక్కు చూసి డాక్టరు దగ్గరికి వెళ్లమంది. మీరేమో నాకు ఉత్తరం రాశారు!

ఇక ఆ మాత్ర. పెద్దల మాత్రను సగానికి విరిస్తే పిల్లల మందు అయిపోదు. పిల్లల మోతాదు బరువును బట్టి లెక్క కడతాం. కీళ్లనొప్పుల మందుల్లో చాలావి ఈ వయసుకు ఇవ్వకూడనివే. కడుపుకు, మూత్రపిండాలకు దెబ్బ. మెడికల్ షాపులో అడిగి తెచ్చే యాంటీబయాటిక్ సిరప్‌దీ అదే కథ: వాపు నాలుగు రోజులు తగ్గుతుంది, పుప్పి ఉన్నచోటే ఉంటుంది, వాపు మళ్లీ వస్తుంది. లవంగ నూనె పసి చిగురును కాలుస్తుంది, మింగితే విషం. నిన్ననే ఒక అవ్వ కొంగు ముడి విప్పి, మనవడికి వేసిన మూడు రకాల మాత్రలు నా బల్ల మీద పెట్టింది. ఒక్కటీ పిల్లలది కాదు.

అత్తగారికి చెప్పండి: ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి కానీ, వెనక దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉంటాయి. వాటితో మీ వాడు ఇంకా ఏడెనిమిదేళ్లు నమలాలి.

తోమడం గురించి ఆశా చెప్పింది సరైనదే. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్ల చేయి పడాల్సిందే. వాడి తల మీ ఒడిలో పెట్టుకొని, పై పెదవి వేలితో ఎత్తి, చిగురు అంచు నుంచి తోమండి. ఏడుస్తాడు, ఏడవనివ్వండి, నోరు తెరిచే ఉంటుంది కదా. కానీ నొప్పి ఉన్న పన్ను వల్లే బ్రష్‌కు భయపడుతున్నాడేమో, అది ముందు తేలాలి. రాత్రి తోమాక మంచినీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. పాలసీసాతో నిద్రపోతాడా? మీరు రాయలేదు, ఉంటే మాన్పించండి.

ఫ్లోరైడ్ పేస్టు మానవద్దు. పళ్లకు మచ్చలు తెచ్చేది లోపలికి మింగే ఫ్లోరైడ్. మూడు దాటిన పిల్లలకు మామూలుగా బఠాణీ గింజంత పేస్టు చెబుతాం. మీ ఊళ్లో, వాడికి ఉమ్మడం వచ్చేదాకా, బియ్యపు గింజంత చాలు. అసలు జాగ్రత్త నీళ్ల దగ్గర. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే 1.5 వరకే ఉండాలి. కాచితే ఫ్లోరైడ్ పోదు, చిక్కబడుతుంది. సత్యసాయి తాగునీటి పథకం కుళాయి మీ ఊరికి ఉంటే తాగడానికీ వంటకూ అవే నీళ్లు వాడండి.

వెళ్లేటప్పుడు మామగారి మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి. బాబుకు ఏమిచ్చారో చూసే డాక్టరుకు తెలియాలి.