ర్యామ్ ధరలు ఇలా మండుతుంటే ప్రాసెసర్ ఇప్పుడు మార్చాలా, ఆగాలా?

అడిగినది క్లుప్తంగా ఇదీ: ఒంగోలులో పెళ్లి వీడియోల ఎడిటింగ్ పని. 2020లో కట్టించిన సిస్టమ్: రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 3000 స్పీడు 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె). 4కే ఫుటేజీ వేస్తే టైమ్‌లైన్ నత్తనడక నడుస్తోంది. కొత్త సిస్టమ్‌కి కొటేషన్ అడిగితే పోయిన వారం చెప్పిన రేటు ఈ వారం లేదు. ఇప్పుడే కొనెయ్యాలా, ధరలు దిగేదాకా ఆగాలా, ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుంటే సరిపోతుందా?

ప్రాసెసర్ ఒక్కటే మార్చండి. బోర్డు, ర్యామ్ కదపొద్దు. అదైనా కింద చెప్పిన పరీక్ష ఒక సాయంత్రం చేసి చూసుకున్నాకే. కొన్ని సిస్టముల్లో ప్రాసెసర్ తప్పేమీ ఉండదు.

ముందు ధరల సంగతి. బాగా పెరిగింది ర్యామ్, దాని వెనకే ఎస్‌ఎస్‌డీ. ప్రాసెసర్లు ఆ లెక్కన పెరగలేదు. ర్యామ్‌లో ఉండే డీర్యామ్ చిప్పులు తయారుచేసేది ప్రధానంగా మూడే కంపెనీలు: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ సర్వర్లకు కావలసిన హెచ్‌బీఎం మెమరీలో లాభం ఎక్కువని ముగ్గురూ అటు మళ్లారు. అంతే సామర్థ్యం ఉన్న డీడీఆర్5తో (కొత్త సిస్టముల్లో వాడే ర్యామ్ రకం) పోలిస్తే హెచ్‌బీఎంకి దాదాపు మూడింతలు వేఫర్ (చిప్పులు తయారయ్యే సిలికాన్ పలక) పడుతుంది. అంటే అక్కడ ఒక జీబీ తయారైతే మన వాటాలోంచి మూడు జీబీలు పోయినట్టు. 2025 చివరి కొన్ని నెలల్లోనే డీడీఆర్5 కిట్ల ధర రెండింతలు దాటింది. ఆ డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు ర్యామ్, ఎస్‌ఎస్‌డీల వ్యాపారాన్నే 2026 ఫిబ్రవరితో ముగిస్తున్నట్టు ప్రకటించింది. డీడీఆర్4 కూడా చవగ్గా లేదు, ఎందుకంటే దాని తయారీనే తగ్గించుకుంటూ వస్తున్నారు. జీఎస్టీ తగ్గింది కదా అని షాపులో వాదించి లాభం లేదు. 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి దిగింది పెద్ద టీవీలు, పెద్ద మానిటర్లు, ఏసీలు లాంటివాటికే. ర్యామ్, ప్రాసెసర్లు అంతకుముందూ 18, ఇప్పుడూ 18.

ఆగితే దిగుతాయా అంటే, కొరత 2026 దాటి కూడా ఉంటుందని తయారీదారులే చెబుతున్నారు. కొత్త ఫ్యాక్టరీ కట్టి చిప్పు బయటికి రావాలంటే ఏళ్లు పడుతుంది. కాబట్టి ర్యామ్ ధర దిగడాన్ని ముహూర్తంగా పెట్టుకోవద్దు. ఇప్పుడు మీ దగ్గరున్న ఆ రెండు స్టిక్కులే సిస్టమ్‌లో విలువ పెరిగిన వస్తువు. ఏఎండీ కొత్త ఏఎం5 బోర్డుకి గానీ, ఇంటెల్ కోర్ అల్ట్రా 200 బోర్డుకి గానీ వెళ్లారంటే డీడీఆర్5 తప్ప మరోటి ఎక్కదు, ఆ స్టిక్కులు మూలన పడతాయి. మీ బోర్డుదేమో ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు). రైజెన్ 5000 వరకు దాని మీదే నడుస్తాయి, డీడీఆర్4తోనే.

ఇక పరీక్ష. మీరు రోజూ చేసే ప్రాజెక్టే తెరవండి, డెమో ఫైళ్లు వద్దు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లు విడివిడిగా కనపడేట్టు మార్చండి. మీ చిప్పుకి 12 గళ్లు వస్తాయి. టైమ్‌లైన్‌ని ముందుకీ వెనక్కీ లాగుతూ ఐదు నిమిషాలు చూడండి, తర్వాత పది నిమిషాల ముక్క ఎక్స్‌పోర్టు పెట్టి చూడండి.

పన్నెండు గళ్లూ నిండి, గ్రాఫిక్స్ కార్డు 30–40 శాతం దగ్గర తీరిగ్గా కూర్చుంటే ప్రాసెసరే అడ్డం. కార్డు 95 దాటి, సీపీయూ సగంలో ఉంటే ప్రాసెసర్ మార్చినా కనపడే తేడా రాదు. కార్డు గ్రాఫ్‌లో 3డీ ఒక్కటే చూడకండి, వీడియో డీకోడ్, వీడియో ఎన్‌కోడ్ గళ్లు వేరేగా ఉంటాయి. అవి నిండుతుంటే పని హార్డ్‌వేర్ మీద పడుతోందని అర్థం. సీపీయూ, కార్డు రెండూ ఖాళీగా ఉండి డిస్కు 100 శాతం కొడుతుంటే ఫుటేజీ హార్డ్‌డిస్కు మీద ఉందన్నమాట. నడుస్తున్న ప్రాజెక్టునూ క్యాషే ఫోల్డరునూ ఎస్‌ఎస్‌డీలోకి మార్చండి.

మెమరీ గ్రాఫ్ కింద ‘కమిటెడ్’ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది 16 జీబీని బాగా మించి పోతుంటే ర్యామ్ చాలడం లేదు. ఇప్పుడున్న ధరల్లో దానికి మొదటి మందు ప్రాక్సీలు (ఎడిటింగ్ వరకు వాడే చిన్న సైజు నకలు క్లిప్పులు): 4కే క్లిప్పులకు 720 ప్రాక్సీ చేసి ఎడిట్ చేసుకోండి, ఎక్స్‌పోర్టప్పుడు సాఫ్ట్‌వేరే అసలు క్లిప్పు తీసుకుంటుంది. ఎడిటింగ్ వేళ బ్రౌజరు ట్యాబులు మూసేయండి. ప్రాక్సీలు పెట్టాక లాగడం హాయిగా ఉండి, ఎక్స్‌పోర్టు కూడా రాత్రి పెట్టి వెళ్లిపోయే అలవాటైతే మీకు అప్‌గ్రేడ్ అవసరమే లేదు. ఈ మాట షాపువాళ్లు చెప్పరు.

ఇదే పరీక్షలో ఇంకొకటి చూడాలి, మన జిల్లాలో ముఖ్యంగా. సీపీయూ గ్రాఫ్ కింద స్పీడు కనపడుతుంది. 2600కి బేస్ 3.4, బూస్టు 3.9 గిగాహెర్ట్జ్. ఎక్స్‌పోర్టు సాగుతుండగా అది 3.4 కంటే కిందికి జారిపోతుంటే చిప్పు వేడెక్కి తగ్గుతోందని. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము క్యాబినెట్‌లో చేరితే మామూలు దుమ్ములా విదిలిస్తే రాలదు, హీట్‌సింక్ రేకుల మధ్య తాపడం చేసినట్టు పట్టేస్తుంది. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి తేమ తోడై ఇంకా గట్టిపడుతుంది. ఫ్యాను విప్పి, రేకులకు బ్లోయర్ కొట్టి (కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోండి, ఉత్తినే గిర్రున తిరిగితే బేరింగు పోతుంది), చిప్పుకీ హీట్‌సింక్‌కీ మధ్యనున్న ఐదేళ్ల నాటి పేస్టు తుడిచి కొత్తది రాస్తే పోయిన స్పీడు ఊరికే తిరిగొస్తుంది. రోహిణి కార్తెలో గది 40 డిగ్రీలున్నప్పుడు ఈ లెక్క మరీ తేడాగా కనపడుతుంది. ఇవన్నీ అయ్యాక కూడా పన్నెండు గళ్లూ నిండుతున్నాయంటే అప్పుడు ప్రాసెసర్.

ఏది? రైజెన్ 7 5700ఎక్స్. 8 కోర్లు, 16 థ్రెడ్లు, మీ 2600 లాగే 65 వాట్ల చిప్పు. అన్ని కోర్లూ వాడే పనిలో 2600 కంటే సుమారు 1.7, 1.8 రెట్లు, ఒక్క కోరు పనిలో సుమారు ఒకటిన్నర రెట్లు. సీపీయూ మీద నడిచే 40 నిమిషాల ఎక్స్‌పోర్టు 25 దరిదాపులకు వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడర్ వాడుతుంటే అంత తేడా ఉండదు, అది ముందే తెలుసుకోండి. బడ్జెట్ తక్కువైతే 5600 (6 కోర్లు). పేర్లు దగ్గరగా ఉన్నాయని 5500గానీ 5600జీగానీ అంటగడితే తీసుకోకండి: వాటిలో ఎల్3 క్యాషే (చిప్పు లోపలి వేగమైన మెమరీ) సగమే, 32కి బదులు 16 ఎంబీ. 5700 అని ‘ఎక్స్’ లేకుండా వచ్చేది కూడా ఆ 16 ఎంబీ కుటుంబమే, ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ఎక్స్3డీ చిప్పులు ఆటలకు మంచివి, ఎడిటింగ్‌కి ఆ డబ్బు దండగ. పైగా 5800ఎక్స్3డీ, 5700ఎక్స్3డీ కొత్తవి దొరకడం ఆగిపోయాక సెకండ్‌హ్యాండ్ ధర పెరిగింది. ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకి అసలు జవాబు అందులోనే ఉంది. పాత సాకెట్‌లో చివరి మంచి చిప్పు స్టాకు అయిపోయేదాకా ఆగితే అది చవగ్గా రాదు, అసలు రాదు. 12, 16 కోర్ల 5900ఎక్స్, 5950ఎక్స్ 105 వాట్లవి; తక్కువ ధర బీ450 బోర్డుల్లో వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కి కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) మీద హీట్‌సింకే ఉండదు, గంటలకొద్దీ రెండరింగ్‌లో అది వేడెక్కి స్పీడు పడిపోతుంది. మీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కి 5700ఎక్స్, 125 వాట్ల 1660 సూపర్ కలిపినా ఇబ్బంది లేదు.

ఒక మినహాయింపు. మీ కెమెరా హెచ్‌ఈవీసీ 4:2:2 10 బిట్‌లో, అంటే రంగుల వివరం ఎక్కువుండే ఫార్మాట్‌లో తీస్తుంటే (క్లిప్పు మీద మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే తెలుస్తుంది) 1660 సూపర్ దాన్ని డీకోడ్ చేయలేదు, బరువంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. 5700ఎక్స్‌తో తగ్గుతుంది గానీ పోదు. ఇంటెల్ 12వ తరం లోపలి గ్రాఫిక్స్‌కి ఆ డీకోడర్ ఉంది. అప్పుడు ఐ5 12400, దానికి డీడీఆర్4 రకం హెచ్610 లేదా బీ660 బోర్డు. బోర్డు మారినా మీ ర్యామ్ మీదే ఉంటుంది. చివర ‘ఎఫ్’ ఉన్న 12400ఎఫ్ కొన్నారంటే మాత్రం లోపలి గ్రాఫిక్సే ఉండదు, మొత్తం ప్రయాస వృథా. బోర్డు పెట్టె మీద డీ4 అనో డీడీఆర్4 అనో ఉందో లేదో చూసుకోండి, ఒకే పేరుతో రెండు రకాలూ వస్తాయి.

మార్చడానికి రోజు మూఢంలోనో ఆషాఢంలోనో పెట్టుకోండి, పెళ్లిళ్లు ఉండవు. మాఘంలో డెలివరీలు నెత్తిన పెట్టుకుని బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) జోలికి పోవద్దు.

చాలామంది చేసే తప్పు: కొత్త చిప్పు పెట్టాక బయోస్ అప్‌డేట్ చేద్దాం అనుకోవడం. పాత బయోస్‌కి రైజెన్ 5000 తెలియదు, తెర నల్లగానే ఉంటుంది, చిప్పు పోయిందని షాపుకి పరుగెడతారు. 2600 లోపల ఉండగానే అప్‌డేట్ కావాలి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్‌ఇన్ఫో32 కొడితే బోర్డు పేరు, బయోస్ వెర్షన్ కనపడతాయి. బోర్డు మీద ముద్రించిన రివిజన్ నంబరు కూడా రాసుకోండి. ఒకే పేరున్న బోర్డుకి రివిజన్‌ని బట్టి బయోస్ ఫైలు వేరేగా ఉండొచ్చు. తయారీదారు సైట్‌లో ఆ బోర్డు ప్రాసెసర్ల జాబితా తెరిచి, 5700ఎక్స్ ఎదురుగా ఏ వెర్షన్ నుంచి అని ఉందో చూడండి. కొన్ని బోర్డులకు నడుమ ఒక వెర్షన్ ముందు ఎక్కించి తర్వాతే కొత్తది ఎక్కించాలి, డౌన్‌లోడు కింద చిన్న అక్షరాల్లో రాస్తారు, చదవండి.

అంతకంటే ముందు బిట్‌లాకర్, అంటే డ్రైవుకి విండోస్ వేసే తాళం. విండోస్ 11లో మీకు తెలియకుండానే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. బయోస్ మారినా ప్రాసెసర్ మారినా టీపీఎం (తాళంచెవి దాచే భద్రతా భాగం) తాళం మారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. కాగితం మీద రాసుకుని, ఎన్‌క్రిప్షన్‌ని ఆపేసి అప్పుడు మొదలెట్టండి. కీ లేకపోతే ఆ డ్రైవులో ఉన్న పెళ్లిళ్లన్నీ పోయినట్టే.

ఫైలుని ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో వేసి, బయోస్ లోపలి ఫ్లాష్ మెనూ నుంచే ఎక్కించండి, విండోస్ నుంచి వద్దు. కరెంటు పోతే బోర్డు పోతుంది. యూపీఎస్ తప్పనిసరి. ఇంటి ఇన్వర్టరైతే వెనక స్విచ్ ‘యూపీఎస్’ మోడ్‌లో ఉందో లేదో చూడండి, మామూలు మోడ్‌లో మారే ఆ లిప్తపాటుకే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. అప్‌డేట్ అయ్యాక సెట్టింగులు చెరిగిపోతాయి కనుక ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగు) మళ్లీ ఆన్ చేయాలి. మరిచిపోతే ర్యామ్ 2133 లాంటి తక్కువ స్పీడులో నడుస్తుంది, కొత్త ప్రాసెసర్ వేసినా తేడా లేదేంటని తల పట్టుకుంటారు.

చిప్పు విప్పేముందు పది నిమిషాలు ఏదైనా ఎక్స్‌పోర్టు నడపండి, పేస్టు మెత్తబడుతుంది. తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, కూలర్ స్క్రూలు విప్పి, కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ ఊడదీయండి. నిట్టనిలువుగా లాగారో, గట్టిపడిన పేస్టుకి అతుక్కుని చిప్పు కూడా సాకెట్‌లోంచి ఊడొస్తుంది. ఏఎం4లో పిన్నులు చిప్పుకే ఉంటాయి, 1331. వంగితే మీ 2600 అమ్మకానికి పనికిరాదు. కొత్తది పెట్టేటప్పుడు మూల మీది బంగారు త్రికోణాన్ని సాకెట్ త్రికోణానికి కలిపితే దానంతటదే దిగుతుంది, నొక్కకూడదు. పేస్టు కందిగింజంత చాలు. 5700ఎక్స్‌తో కూలర్ రాదు. 2600తో వచ్చిన చిన్న కూలర్ పని నెట్టుకొస్తుంది గానీ మన ఎండాకాలంలో మోత మోస్తుంది. నాలుగు హీట్‌పైపుల టవర్ కూలర్ వేసుకుంటే మేలు, క్యాబినెట్ వెడల్పులో దాని ఎత్తు పడుతుందా అని ముందే కొలవండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఒకటి రెండు నిమిషాలు తెర నల్లగా ఉంటుంది, ర్యామ్‌ని సరిచూసుకుంటోంది, కంగారుపడి స్విచ్ ఆపకండి. తర్వాత కొత్త సీపీయూ వచ్చింది, ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోని టీపీఎం) రీసెట్ చేయాలా, వై లేదా ఎన్ అని ఇంగ్లీషులో అడుగుతుంది. కీ రాసుకుని, ఎన్‌క్రిప్షన్ ఆపి ఉంటే వై. విండోస్‌లోకి వెళ్లాక ఏఎండీ చిప్‌సెట్ డ్రైవరు కొత్తది వేసి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని పది నిమిషాలు సినీబెంచ్ (ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే పరీక్ష) నడపండి. ఈ చిప్పుకి పరిమితి 90 డిగ్రీలు. ఏసీ లేని గదిలో 80 దాకా పోతే పర్వాలేదు, 90కి తగులుతుంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదనో పేస్టు అంటలేదనో అర్థం.

కొనేది ఒంగోలులోనైనా చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా సీలున్న బాక్సు, సీరియల్ నంబరు వేసిన జీఎస్టీ బిల్లు అడగండి. బాక్సు చిప్పుకి ఏఎండీ 3 ఏళ్ల వారంటీ ఇస్తుంది. ‘ట్రే’ చిప్పు (బాక్సు లేని విడి చిప్పు) కొంచెం తక్కువకి ఇస్తామంటారు, దానికి అమ్మినవాడి మాటే వారంటీ. ర్యామ్ ధరలు ఇంకా పెరుగుతాయట, రెండు స్టిక్కులు ముందే వేయించుకోండి అంటే తలూపి వచ్చేయండి. కమిటెడ్ అంకె 16 దాటనివాళ్లకి ఆ మాట వర్తించదు. దాటుతుంటే మాత్రం 8 జీబీవి సెకండ్‌హ్యాండ్‌లో ఇంకో జత చూడండి: సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌పీడీ ట్యాబ్ తెరిచి స్టిక్కరు మీది స్పీడు, లోపలిది ఒకటేనా అని సరిపోల్చి, మెమ్‌టెస్ట్86 (ర్యామ్ పరీక్ష) నాలుగు పాస్‌లు పూర్తయ్యాకే డబ్బులివ్వండి. నాలుగు స్టిక్కులతో 3000 స్పీడు నిలబడకపోతే 2933కో 2666కో దించుకోవాల్సి రావచ్చు, ఎడిటింగ్‌లో ఆ తేడా మీకు తెలియను కూడా తెలియదు.